మేకుకి లేని తాళంచెవి

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో, చర్చి పక్కింట్లో, కెజియా అనే చిట్టితల్లి ఉండేది. చర్చి ఊడ్చి తాళం వేసే పని వాళ్ళమ్మ రాహేలుది. నాన్న ఏలియా పడవ మీద చేపల వేటకి వెళ్ళేవాడు.

ఆ ఊళ్ళో ఒక అలవాటుంది, బుజ్జీ. పొగమంచు కమ్మితే చర్చి గంట కొట్టాలి. ఆ గంట విని, ఇసుకదిబ్బలకి తగలకుండా పడవలు ఒడ్డు చేరేవి. అందుకే తాళంచెవి ఎప్పుడూ వాళ్ళ తలుపు పక్క మేకుకే ఉండాలి.

మన కెజియాకేమో తీసినది తీసినచోట పెట్టాలంటే మహా బద్ధకం. ఓ సాయంత్రం అమ్మకి బదులు తనే చర్చి ఊడ్చి, తాళం వేసి వచ్చింది. మనసంతా గవ్వలాట మీదే. తాళంచెవి తర్వాత పెడదాంలే అనుకుంది. ఆ తర్వాత మర్చేపోయింది.

తెల్లారేసరికి ఎదురుగా ఉన్న గోడ కూడా కనపడనంత మంచు. రాత్రి వేటకి వెళ్ళిన నాన్న ఇంకా రాలేదు. రాహేలు మేకు తడిమి చూసింది. బోడిగా ఉంది.

"తాళంచెవి ఏదే?" అంది. ఎక్కడ పెట్టిందో కెజియాకి గుర్తే రాలేదు.

"నువ్వు వెతుకు. నేను ఒడ్డుకి పోయి కేకలేస్తా" అంటూ అమ్మ పరుగెత్తింది. ఆ అలల హోరులో మనిషి కేక ఎంత దూరం పోతుంది చెప్పు?

కెజియా పక్కబట్టలు ఎత్తి పడేసింది. తర్వాత గవ్వల బుట్ట బోర్లించింది. ఆ తర్వాత గిన్నెలన్నీ కిందికి లాగింది. వెతికేకొద్దీ ఇల్లు సంత అయిపోయింది గానీ తాళంచెవి దొరకలేదు. నాన్న పడవ దిబ్బకి తగిలితే? పాపం, పిల్లకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మోకాళ్ళ మీద పడి, "యేసయ్యా, నాకేం చెయ్యాలో తెలీట్లేదు" అని ఏడ్చింది. అప్పుడు ప్రార్థనవేళ అమ్మ చెప్పే సంగతి గుర్తొచ్చింది. మొదట్లో లోకమంతా చీకటి, అంతా కలగాపులగం. దేవుడు కంగారుపడ్డాడా? లేదు. ముందు వెలుగు చేశాడు. ఆ తర్వాత నీళ్ళని ఒక పక్కకి, నేలని ఒక పక్కకి పెట్టాడు. ఆ తర్వాత చెట్టూ చేమా.

కెజియా వెతకడం మానేసి సర్దడం మొదలెట్టింది. ముందు గిన్నెలు అరలోకి. తర్వాత గవ్వలు బుట్టలోకి. ఆ తర్వాత నిన్న విప్పి పడేసిన పరికిణీని దండెం మీద వెయ్యబోతే, మడతలోంచి తాళంచెవి ఠంగున జారి పడింది.

పరుగున పోయి, చర్చి తలుపు తీసి, గంట తాడుకి వేలాడింది. ఒడ్డు నుంచి అమ్మ కేక వినిపించింది: ఒక పడవ వచ్చింది, నాన్నది కాదు. ఇంకొకటి వచ్చింది, అదీ కాదు. అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా తాడు వదల్లేదు.

అప్పుడు గుమ్మంలో, మంచుకి తడిసి ముద్దయిన నాన్న కనిపించాడు. "రామ్మా" అని చేతులు చాచాడు.

"ఉండు నాన్నా" అంది కెజియా. చర్చికి తాళం వేసి, ఇంటికి పరుగెత్తి, తాళంచెవి మేకుకి తగిలించింది. అప్పుడొచ్చి నాన్న మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కథేమో కంచికి,
తాళంచెవి మేకుకి,
పడవేమో ఒడ్డుకి,
బుజ్జేమో పక్కకి.