రాళ్లమెట్ట గెస్ట్‌హౌస్

సింహం రాజ్యంలో అన్ని అడవులకూ ఆఖరున ఉంది రాళ్లమెట్ట. రాజుగారు ఎంత గర్జించినా అక్కడికి వినపడదు. అందుకని దానికి వెనకబడిన ప్రాంతమని పేరు పెట్టారు. మెట్ట మీద కొన్ని మేకలు, కోళ్లు, అప్పలసామి అనే ముసలి గాడిద కాపురం. ఒకప్పుడు వాటికి ఊట చెలమ ఉండేది. మూడేళ్ల కిందట గట్టు జారి అది పూడిపోయింది. అప్పట్నుంచీ నీళ్లకు కింద ఏటికి దిగాల్సిందే, ఏట్లో మొసలి. ఈ వేసవిలో ఎర్రయ్యమ్మ అనే మేక రెండు పిల్లల్ని ఆ మొసలికి పోగొట్టుకుంది. మూడోది ఈమధ్యే పాలు మానింది. ఇక అదీ ఏటికి దిగాలన్న బెంగతో తల్లికి మేత సహించడం లేదు.

అలాంటి రోజుల్లో 'మీ మెట్ట - మీ మాట' పథకం పట్టుకుని జంబుకరావు దిగాడు. జాతికి నక్క, ఉద్యోగానికి అధికారి. కబురు మొయ్యడానికి వెంట ఒక కాకి, తవ్వకానికి అడవిపందుల దండు.

పథకం నియమం ప్రకారం జనమే తమ ఊరిని నేల మీద ముగ్గుపిండితో గీయాలి, అధికారి చూడాలి. పైడమ్మ అనే ముసలి కోడి కాలితో గీరి గీరి గూళ్లు, ఇప్పచెట్టు, దాని కింద పల్లం, అన్నీ వేసింది. ఊట ఉన్నచోట గుర్తుగా నల్లరాయి పెట్టింది. జంబుకరావు బొమ్మ చూడ్డానికని వచ్చి సరిగ్గా ఆ రాయి మీదే కూర్చున్నాడు.

"చెప్పండి, మీకేం కావాలి?"

"నీల్లు బావూ," అంది ఎర్రయ్యమ్మ. "మా సెలమ పూడిక తీయించండి. నా పిల్లలు..."

"అర్థమైంది, అర్థమైంది. కానీ పూడికలు మా జాబితాలో లేవమ్మా. స్వాగత ద్వారం ఉంది, గెస్ట్‌హౌస్ ఉంది."

"ద్వారం తాగుతామేటి?" అన్నాడు అప్పలసామి.

"అందుకే గెస్ట్‌హౌస్ అనుకోండి. నాలాంటివాళ్లు వచ్చి ఉంటేనే కదా మీ కష్టాలు తెలిసేది! నిర్ణయం మాత్రం పూర్తిగా మీదే," అంటూ ముందే రాసుకొచ్చిన తీర్మానం ఆకు బయటికి తీశాడు. మాటలు మేకతో, చూపులు కోడిపిల్లల మీద. ఆ చూపుకి అర్థం కోళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎర్రయ్యమ్మ అటు తిరిగి ఏడ్చింది. అప్పలసామి తన్నడానికి వెనక కాళ్లు సర్దుకున్నాడు. పైడమ్మ రెక్క అడ్డం పెట్టింది.

"ఒగ్గేయ్ అప్పలసామీ. బావూ, మాకు గెస్టవుసే కావాల. అందరం ఒప్పుకుంటాం. సోటు మాత్రం మేం సూపించాల కదా?"

"నియమమే అది! ఎక్కడ?"

"మా గూళ్ల పక్కనే, ఆ ఇప్పసెట్టు కింద పల్లంలో. సల్లగుంటాది. మా పిల్లలు అక్కడే తిరుగుతుంటాయి, మీకూ కాలచ్చేపం."

జంబుకరావుకు నోరూరింది. నాలుగడుగులు వేసి చూస్తే ఆ పల్లంలో నేల చెమ్మగా ఎందుకుందో తెలిసేదే. ఎండగా ఉందని లేవలేదు.

"ఇంకోటి బావూ. మా మట్టి వదులు. రాయి తగిలీదాకా పునాది తవ్వాల. నేకపోతే గోడ మీ మీద పడతాది."

"తవ్వండి, ఎంత లోతైనా తవ్వండి!"

ఆ మాటా తీర్మానంలో రాసి, అందరి చేతా కాలిముద్రలు వేయించాడు. పందులు మొదటి పెళ్ల లేపిన పూటే 'గెస్ట్‌హౌస్ పూర్తయింది, ప్రజలు పరవశించారు' అని నివేదిక రాసి కాకి చేత రాజుగారికి పంపేశాడు. అతని ఉద్యోగంలో అలవాటే అది.

పందులు మూడు రోజులు తవ్వాయి. నాలుగో రోజు పొద్దున్న రాయి తగిలింది. దాని పగుల్లోంచి పాత ఊట నీళ్లు ఎగజిమ్మాయి. మధ్యాహ్నానికి పునాది నిండి పొర్లింది. ఎర్రయ్యమ్మ పిల్ల మోకాళ్లు వంచి తాగింది, ఆయాసం తీర్చుకుని మళ్లీ తాగింది. "ఇంక ఏటికి దిగక్కర్నేదర్రా!" అని తల్లి మెట్టంతా వినపడేలా అరిచింది.

"ఇదేమిటి? నా గెస్ట్‌హౌస్ ఏది?" అని జంబుకరావు గంతులేశాడు.

"కట్టుకోండి బావూ, మేం వొద్దన్నామా?" అంది పైడమ్మ. "సేపలు మీకు తోడుంటాయి."

"మోసం! పూడ్చేయండిరా!"

పందులు కదల్లేదు. "తీర్మానంలో తవ్వమనే ఉంది సార్. పూడ్చాలంటే ఇంకో తీర్మానం కావాలి. అదీ జనమే అడగాలి."

అంతలో కాకి వచ్చి వాలింది. "జంబుకరావుగారూ, మీ నివేదిక చూసి రాజుగారు మురిసిపోయారు. రేపు సకుటుంబంగా గెస్ట్‌హౌస్‌లో దిగుతున్నారు. మంచాలు వేయించమన్నారు."

జంబుకరావు చెలమ కేసి చూశాడు, కాకి కేసి చూశాడు. తోక ముడిచి, రాళ్లూ ముళ్లూ చూసుకోకుండా మెట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెత్తి అటు దిగిపోయాడు. మెట్టంతా చూడ్డం ఆయనకు అదే మొదటిసారి.

నీతి: మెట్ట తిరిగి చూడకుండా మెట్టను బాగుచేయబోతే, బాగు మెట్టకు దక్కుతుంది, పరుగు అధికారికి మిగులుతుంది.