వానపాముకి వాగంటే ఏం తెలుసు

వినండి, కొండ కింద ఓ గుహ. ముళ్లపందులు తవ్వి తెచ్చిన దుంపలన్నీ అందులో ఒకటే పోగు. అడవిలో ఎవరికి జబ్బు చేసినా మందు ఆ పోగులోదే. దానికి ముగ్గురు కాపలా. గోరింకకి రంగు తెలుసు. పందికొక్కుకి రుచి తెలుసు. వానపాముకి ఏ మట్టిలోంచి తీశారో తెలుసు. అంతే, ఒకరి సంగతి ఇంకొకరికి తెలీదు. గుమ్మంలో నక్క. వచ్చినవాళ్ల మాట లోపలికి చేర్చేది నక్కే, అందుకే దండాలన్నీ దానికే.

ఆ పొద్దు లేడి పరుగున వచ్చింది. వెనకే తోడుగా ఉడుము.

"నక్క బావా, నా పిల్ల ఏదో ఆకు తిని పొట్ట ఉబ్బి పడుంది. మా అమ్మ ఓ దుంప పెట్టేది. ఎర్ర తొక్క, చేదు, వాగు ఒడ్డున దొరికేది. వేరేది పెడితే పిల్ల దక్కదు."

నక్క కూర్చున్న చోటు నుంచే అరిచింది. "ఎర్ర తొక్క చేదు వాగు ఒడ్డు దుంప, ఉందా?"

"ఎరుపు సరే, చేదేంటి?" అంది గోరింక.

"చేదు సరే, ఎరుపేంటి?" అంది పందికొక్కు.

"అసలు వాగేంటి?" అంది వానపాము.

"లేదంట, పో" అంది నక్క.

ఉడుము కదల్లేదు. "ఉంటుంది. దొరికేదాకా ఈ గుమ్మం వదల్ను."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకోయ్?" అని నక్క లోపలికి తిరిగింది. "ఎరుపువన్నీ, చేదువన్నీ బయట పడెయ్యండి." లేడి మోకాళ్ల దాకా దుంపలు. సగం విషపువే. "ఏరుకో" అంది నక్క.

ఉడుమే ముందుకొచ్చింది.

"గోరింకక్కా, ఎర్ర తొక్కవి మాత్రం ఇటు పెట్టు." పోగు తగ్గింది. "కొక్కు మామా, వీటిలోనే చేదువి ఉంచు, మిగతావి తీసెయ్." గుప్పెడు మిగిలాయి. ఇక వాగు. ఉడుము లేడి వైపు తిరిగింది. "అక్కా, ఆ ఒడ్డున నడిస్తే ఎట్లుండేది?"

"గిట్టలు అంటుకుపోయేవి."

ఉడుము కిందికి వంగింది. "తాతా, వీటిలో బంకమట్టిది ఏది?"

"అట్లా అడుగు మరి" అంటూ వానపాము పాకి పాకి ఒకే దుంప మీద ఆగింది.

సాయంత్రానికి లేడిపిల్ల లేచి పాలు తాగింది. మర్నాడు పంటినొప్పితో వచ్చిన ఎలుగుబంటి నక్కని దాటుకుంటూ లోపలికెళ్లింది. "ఉడుం తమ్ముడు ఎక్కడ?"

"నేనూ నిన్న ఆ దుంప గురించే అడిగాగా" అని సణిగింది నక్క.

"నువ్వు అరిచావు బావా" అంది వానపాము. "అడిగింది ఉడుము."

నీతి: ఎవరికి ఏది తెలుసో అది వాళ్లని వాళ్ల మాటలో అడుగు, అందరూ ఔనన్నదే పట్టుకో.