లెఫ్ట్ బ్యాక్‌లో బాలశౌరి

బాలశౌరికి వచ్చిన చిక్కేమిటంటే, వాడు లెఫ్ట్ వింగ్‌లో మరీ బాగా ఆడతాడు.

అదీ ఒక చిక్కేనా అని నవ్వకండి, వినండి. లెఫ్ట్ వింగ్ అంటే మైదానానికి ఎడమ అంచు. ఆ గీత వెంబడి బంతి తీసుకుని పరిగెత్తి, గోలు ముందున్న మనవాళ్ళకి అందించడం అక్కడ ఆడేవాడి పని. ఆ పనిలో మా గుంటూరు వైపు ఆ రోజుల్లో బాలశౌరిని మించినవాడు లేడు. ఎదుటివాడు కాలు అడ్డం పెడదామనుకునేలోపు వీడు దాటి వెళ్ళిపోయేవాడు. దేవుడు మిగతా పనులన్నీ పక్కన పెట్టి, తీరిగ్గా కూర్చుని ఆ కాళ్ళు చేశాడని మా బోర్డింగులో వంటమ్మ అనేది.

ఒక శనివారం జిల్లా కుర్రాళ్ళ జట్టుకి ఆటగాళ్ళను ఎంచే చక్రధర్ గారు మా మిషన్ బడి మైదానానికి వచ్చారు. ఆయనా ఒకప్పుడు బాగా ఆడినవారే. బాలశౌరి ఆట చూశారు, మెచ్చుకున్నారు, ఆ తర్వాత తల గోక్కున్నారు. లెఫ్ట్ వింగ్‌కి ఇద్దరు అప్పటికే కుదిరిపోయారట. జట్టులో ఒక్క చోటే మిగిలింది. అది ఎవరికి దెబ్బ తగిలినా వాళ్ళ స్థానంలో నిలబడగలిగేవాడికి. వీడు ఇంకెక్కడైనా ఆడగలడా అని మా బ్రదర్ ఇన్నాసి గారిని అడిగారు. మీరు ఊ అంటే చాలు, తీసుకుంటానన్నారు.

బ్రదర్ గారు ఊ అనలేదు. రేపు కాదు, పై ఆదివారం సాయంత్రం కాలేజీ జట్టుతో ఆట ఉంది, అప్పుడు మళ్ళీ రమ్మన్నారు.

బ్రదర్ ఇన్నాసి గారు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటారు. తెల్లటి అంగీ మోకాళ్ళదాకా ఎగదోపుకుని, మెడలో సిలువ పక్కనే విజిల్ వేసుకుని తిరిగేవారు. మఠంలో చేరిన ఏడాదే పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారు. ప్రభువు తనని ఆ రెండింటికీ కలిపే పిలిచాడని ఆయన నమ్మకం. ప్రసంగాలు మాత్రం ఆయనకి చేతకావు. మా ఫాదర్ గారు ఆదివారం గంటసేపు చెప్పేవారు. బ్రదర్ గారి జీవితంలో అతి పెద్ద ప్రసంగం "పాస్ ఇవ్వరా నాన్నా" అన్నదే.

బాలశౌరి ఐటీఐ చదువుతూ మా బోర్డింగులోనే ఉండేవాడు. కుర్రాళ్ళ జట్టుకి వాడి వయసు సరిపోయే ఆఖరి ఏడు అదే. ఈసారి తప్పితే జిల్లా చొక్కా వేసుకునే యోగం ఇక లేదు. అందుకే సాయంత్రం ప్రార్థన ముగిసీ ముగియగానే గుడి మెట్ల మీద బ్రదర్ గారిని పట్టుకున్నాడు.

"ఊ అనేస్తే పోయేది కదండీ."

"నువ్వు ఎక్కడెక్కడ ఆడగలవురా?"

"ఎక్కడ పెట్టినా ఆడతానండీ. కుడి, ఎడమ, మధ్య, వెనక. రాయప్పకి జ్వరమొస్తే గోలులో కూడా నిలబడతాను."

రాయప్ప మా గోల్‌కీపర్. అక్కడే చెప్పులు వేసుకుంటున్నాడు. "అయితే ఇందాక అంత భక్తిగా జపమాల తిప్పింది నాకు జ్వరం రావాలనా?" అన్నాడు.

బ్రదర్ గారు నవ్వి, సోమవారం చూద్దామన్నారు.

సోమవారం బోర్డింగు పిల్లలనే రెండు జట్లు చేశారు. శౌరి మొదట కుడి వింగ్‌లో ఆడాలి, తర్వాత మధ్యలో, ఆ తర్వాత లెఫ్ట్ బ్యాక్‌లో. లెఫ్ట్ బ్యాక్ అంటే తెలుసుగా, మన గోలుకి కాస్త ముందు, ఎడమవైపు కాపలా. ఇవన్నీ చెప్పి, విజిల్ డ్రిల్లు మాస్టారి చేతికిచ్చి, బ్రదర్ గారు వంటింట్లోకి వెళ్ళారు. గోరుచిక్కుడుకాయల బుట్టతో తిరిగొచ్చారు. రాయప్ప కాసే గోలు వెనక స్టూలు వేసుకుని, మైదానానికి వీపు పెట్టి, ప్రహరీగోడ వైపు తిరిగి కూర్చుని కాయలు తుంచడం మొదలుపెట్టారు.

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. రాయప్ప ఉండబట్టలేక, "బ్రదర్ గారండీ, ఆట ఇటుందండీ" అన్నాడు.

"తెలుసులేరా. నువ్వు నీ పని చూసుకో."

శౌరికి ఒళ్ళు మండింది. నన్ను చూస్తానని చెప్పి గోడను చూస్తున్నారేమిటి అనుకున్నాడు. ఆ కోపం కాళ్ళలోకి దిగింది. కుడి వింగ్‌లో ఇద్దరిని తిప్పలు పెట్టాడు. మధ్యకి వచ్చాక బంతి ఎక్కడుంటే అక్కడ తనే ఉన్నాడు. లెఫ్ట్ బ్యాక్‌లో పెట్టాక, చెబితే నమ్మరు, మన గోలు ముందు అందుకున్న బంతిని ఎవరికీ ఇవ్వకుండా మైదానమంతా దాటించి, అవతలి గోలులో తనే కొట్టి వచ్చాడు. శౌరీ, శౌరీ అని ఒకటే కేకలు. వంటమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

ఆట అయిపోయాక చెమటలు కక్కుతూ వచ్చి స్టూలు పక్కన నిలబడ్డాడు.

"మీరు చూడనే లేదండీ."

"లేదు. విన్నాను."

"ఏం విన్నారండీ?"

"నీ పేరు. నువ్వు వెనక ఆడినంతసేపూ నీ పేరే వినబడింది."

శౌరి మొహం వెలిగిపోయింది. బ్రదర్ గారు ఇంకో కాయ తుంచి, అంతగా పిలిచిందెవరని అడిగారు. అందరూనండీ అన్నాడు వీడు. అందరికంటే ఎక్కువ ఎవరు అంటే, రాయప్పేనండీ అన్నాడు.

రాయప్పని పిలిచారు. పాపం వాడి గొంతు బొంగురుపోయి ఉంది. ఎందుకురా వీడిని అన్నిసార్లు పిలిచావు అని అడిగారు.

"పిలవక ఏం చెయ్యనండీ. వీడు అటెళ్ళి ఒక గోలు కొట్టాడు. ఆ సందులోంచే ఇటు నాకు రెండు పడ్డాయి. వీడు కొట్టింది ఊరంతా చూసింది, నాకు పడినవి నేనూ దేవుడూ చూశాం."

పిల్లలు పడిపడి నవ్వారు. శౌరి నవ్వలేదు. గోలు కొట్టడం కూడా తప్పేనా అని అడిగాడు. బ్రదర్ గారు బుట్ట వాడి చేతిలో పెట్టి, రేపు ఈ స్టూలు మీద నువ్వు కూర్చో అన్నారు. వెనక్కి తిరిగి చూడకూడదు, అంతే షరతు.

మంగళవారం శౌరి గోడ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఆటగాణ్ణి ఆటకి వీపు పెట్టి కూర్చోబెట్టడమంటే మాటలా? పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వెయ్యనట్టే. మెడ తిరగబోతుంది, పక్కనే బ్రదర్ గారు దగ్గుతారు. కాసేపు చేతిలో కాయలు నలిపాడు, కాసేపు పళ్ళు నూరాడు. ఆ తర్వాత, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునే తల్లులకి తెలుస్తుంది ఇది, మెల్లగా చెవులు తెరుచుకున్నాయి.

రాయప్ప కుడిపక్క బ్యాక్‌ని తిడుతున్నాడు. ఎక్కడ చచ్చావురా, వెనక్కి రారా అంటున్నాడు. మధ్యలోవాడి పేరు పట్టుకుని నలుగురు అరుస్తున్నారు. కుడివైపు గొడవ, మధ్యలో గొడవ. ఎడమవైపు మాత్రం ఏమీ లేదు. అప్పుడప్పుడూ బంతి తగిలిన చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం. ఇవాళ ఆటంతా కుడివైపే జరుగుతోందనుకున్నాడు శౌరి.

విజిల్ పడ్డాక బ్రదర్ గారు అడిగారు.

"లెఫ్ట్ బ్యాక్‌లో ఎవరు ఆడారు?"

ఎంత వెతికినా శౌరికి ఒక్క పేరూ గుర్తు రాలేదు. "అక్కడ ఎవరినీ పెట్టలేదేమోనండీ" అన్నాడు.

బ్రదర్ గారు లాజరును కేకేశారు. లాజరు బోర్డింగులో అందరికంటే పెద్దవాడు. కిందటేడు జిల్లా జట్టుకి ఆడి వచ్చాడు, ఈ ఏడు వయసు దాటిపోయింది. మోకాళ్ళ నుంచి మడమలదాకా మట్టి కొట్టుకుని ఉన్నాడు. ఆయాసం తీరక నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇవాళ బంతంతా నా మీదికే తోలారండీ" అని చెప్పి, నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

శౌరి స్టూలు మీంచి లేవలేదు. ఒళ్ళో బుట్ట అలాగే ఉంది. బ్రదర్ గారు పక్కన చతికిలబడి, మిగిలిన కాయలు తనే తుంచారు.

బుధవారం నుంచి శౌరి అడిగి మరీ లెఫ్ట్ బ్యాక్‌లో ఆడాడు. లాజరు వెనకాల పడి, ముందుకి పోవాలనిపించినప్పుడు నువ్వేం చేస్తావు అని అడిగాడు. ఒకసారి వెనక్కి తిరిగి రాయప్ప మొహం చూస్తానన్నాడు లాజరు. వాడు స్థిమితంగా ఉంటే వెళ్తాను, లేకపోతే లేదు. అంతేనా అన్నాడు శౌరి. అంతే, కానీ నీకు కష్టం అన్నాడు లాజరు. ఆ మాటకి వీడికి రోషం వచ్చింది. మంచి రోషం. ఆ నాలుగు రోజులూ ఎవరూ పిలవకముందే లేచి, ఎవరూ వెళ్ళమనకముందే మైదానంలో ఉన్నాడు.

ఆదివారం వచ్చింది. కాలేజీ జట్టువాళ్ళు ఒక్కొక్కడూ గుమ్మమంత ఎత్తు ఉన్నారు. చక్రధర్ గారికి గీత పక్కన కుర్చీ వేసి, చేతికి సోడా ఇచ్చారు. మొదటి సగం శౌరిని కుడి వింగ్‌లో ఆడించారు. వాడు అందించిన బంతికే మనకి ఒక గోలు వచ్చింది. చక్రధర్ గారు తల ఊపారు. ఆ ఊపు శౌరి కూడా చూశాడు.

హాఫ్ టైమ్‌లో నిమ్మకాయ నీళ్ళు తాగుతుంటే బ్రదర్ గారు వాడి దగ్గరికొచ్చారు.

"రెండో సగం ఎక్కడ ఆడతావో నువ్వే చెప్పు."

ఎడమ వింగ్ అని ఉంటే ఇచ్చేవారే. తనకి కొట్టిన పిండి, పైగా కుర్చీకి ఎదురుగానే ఆ గీత. శౌరి ఆ గీత వైపు చూశాడు, కుర్చీ వైపు చూశాడు.

"వెనకండీ" అన్నాడు. "ఎడమ."

బ్రదర్ గారు సరేనని గ్లాసు అందుకున్నారు.

రెండో సగంలో కాలేజీవాళ్ళు రెండు పక్కల నుంచీ, ఎక్కువగా ఎడమవైపు నుంచి మీదపడ్డారు. శౌరి ఒకణ్ణి ఆపాడు, ఇంకొకడి కాళ్ళ ముందు నుంచి బంతి తీసి బయటికి తన్నాడు. చూడ్డానికి అందంగా ఏమీ లేదు. ఆట చివరికొస్తుండగా బంతి వాడి కాళ్ళకి చిక్కింది. తల ఎత్తితే ఎడమ గీత పొడవునా ఒక్కడూ లేడు, ఖాళీ. పో శౌరీ, పో అని మన పిల్లలు గోల పెట్టారు. కుర్చీలో చక్రధర్ గారు ముందుకి వంగారు. మీరైతే ఏం చేసేవారు? నేనైతే పరిగెత్తేవాణ్ణి, అబద్ధమెందుకు.

శౌరి వెనక్కి తిరిగి రాయప్ప మొహం చూశాడు. కళ్ళు కుడివైపే పెట్టుకుని ఉన్నాడు, మొహంలో స్థిమితం లేదు. శౌరి బంతిని మధ్యలో ఉన్నవాడికి పాస్ చేసి, తన చోటికి తను వెళ్ళి నిలబడ్డాడు.

చక్రధర్ గారు మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలారు. శౌరి అదీ చూశాడు. అయినా అక్కడి నుంచి కదల్లేదు.

ఒకటి సున్నాతో గెలిచాం. చక్రధర్ గారు లేచి వచ్చారు. మొదటి సగం బాగుందన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "రెండో సగంలో మీవాడు నాకు కనబడనే లేదే బ్రదర్ గారూ. మరి మీరేమంటారు?" అన్నారు.

శౌరి బూట్ల తాడు విప్పుతూ తల దించుకున్నాడు. ఇప్పుడైనా ఆ ఒక్క ఊ అంటారని చెవులు రిక్కించి కూర్చున్నాడు.

బ్రదర్ గారు మెడలోంచి విజిల్ తీసి జేబులో వేసుకున్నారు. "నన్నెందుకు? రాయప్పని అడగండి" అన్నారు.

చక్రధర్ గారు రాయప్పని పిలిచి, బాలశౌరి వెనక ఎలా ఆడాడయ్యా అని అడిగారు. రాయప్ప చేతి తొడుగులు లాగుతూ ఇబ్బంది పడ్డాడు. వాడు అబద్ధమాడలేడు, స్నేహితుణ్ణి చెడగొట్టనూ లేడు.

"ఏమోనండీ. నేను కుడిపక్కే చూసుకుంటూ నిలబడ్డాను. ఎడమవైపు వీడున్న సంగతే నాకు గుర్తు రాలేదండీ."

చక్రధర్ గారు రాయప్ప వైపు చూశారు. తర్వాత శౌరి వైపు చాలాసేపు చూశారు. గోలు కాపు కాసేవాడి నోట అలాంటి మాట ఆయన ఎన్నాళ్ళ క్రితం విన్నారో మరి.

"మా జట్టు రైలు గురువారం ఉదయం" అన్నారు. "కాస్త ముందే రమ్మనండి."

ఆయన స్కూటర్ గేటు దాటేదాకా ఎవరూ కదల్లేదు. రాయప్ప బిక్కమొహం వేసుకుని, ఒరేయ్ నేనేమన్నా తప్పు చెప్పానా అని అడుగుతున్నాడు. శౌరి వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి గట్టిగా దగ్గరికి లాక్కున్నాడు.

మైదానం ఖాళీ అయ్యాక బ్రదర్ గారి దగ్గరికి వచ్చాడు. నవ్వుతున్నాడు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఆఖరికి నా గురించి మీరు ఒక్క మాట కూడా చెప్పలేదు కదండీ."

బ్రదర్ గారు అంగీ దులుపుకుని గుడి వైపు అడుగు వేశారు.

"నీ వెనక నిలబడ్డవాడు చెప్పాడు కదరా" అన్నారు. "ఇక నా మాటెందుకు?"