రెండు రాజ్యాల రాగి తూకం

"ఓరి నాయనో! పొయ్యి అంటుకోలేదర్రా!"

వీధి చివర కేక. వెంటనే పక్కింట్లో అదే కేక, ఆ పక్కింట్లోనూ అదే కేక. రెండు రాజ్యాల్లో ఒక్క పొయ్యీ వెలగలేదు. ఎందుకంటారా? వినండి మరి.

అనగనగా గైరికపురానికి చండవర్మ రాజు. ఆయన మూడో కొడుకు శరభుడికీ, సింధునగరం రాజు మకరకేతు కూతురు కుముద్వతికీ పెళ్లి కుదిరింది. తాంబూలాలనాడే వియ్యంకులకు మాటా మాటా పెరిగింది.

"మా కొండ కొండంతా రాగే, బావగారూ!" అన్నాడు చండవర్మ.

"కొండలో ఉంటే ఏం లాభం? మా రాజ్యంలో పూరిగుడిసెలో కూడా రాగి బిందె ఉంటుంది. విలువంటే మాదే!"

"మీ బిందెలన్నీ కరిగించినా మా కొండకు చెవిపోగు రాదు!"

పిలవని పేరంటానికొచ్చిన ధూమ్రకేశి అనే మాంత్రికుడు అదంతా విన్నాడు. "నా తక్కెడ తేలుస్తుంది. ఒక పళ్లెం కిందికి దిగేదాకా రెండు రాజ్యాల్లో పొయ్యి వెలగదు. పున్నమిలోగా దిగలేదా, రెండు రాజ్యాలూ నావే. సరేనా?"

కోపం మీదున్న రాజులిద్దరూ సరేనన్నారు.

చండవర్మ పెద్దకొడుకు ఒక పళ్లెంలో కొండరాగి, ఇంకో పళ్లెంలో బిందెలు పెట్టాడు. తక్కెడ కదల్లేదు. రెండోకొడుకు తెలివిగా ఒక పళ్లెం ఖాళీ చేశాడు. అయినా కదల్లేదు! ఇందులో ఏదో మోసముందని, ఆ గుట్టు వెతుక్కుంటూ శరభుడు సముద్రం ఒడ్డుకు నడిచాడు. అక్కడో ముసలి తాబేలు.

"నాయనా, ఏడు సముద్రాల అవతల పంజరంలో ఒక చిలుక ఉంది. మాంత్రికుడి శక్తంతా దానిలోనే. తక్కెడను పట్టి ఉంచింది అదే. నా వీపెక్కు," అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు, ఇంకో సముద్రం దాటారు, అలా ఏడూ దాటారు. అక్కడ చిలుము పట్టి పచ్చబడ్డ రాగి పంజరం. తలుపెక్కడో తెలియదు. కత్తితో కొడితే కత్తే విరిగింది.

వంటలు లేవు కదా, శరభుడు దారంతా చింతపండు చప్పరిస్తూ వచ్చాడు. ఆ చేత్తో పంజరం పట్టుకుంటే, పట్టుకున్నచోట ఎర్రగా మెరిసింది.

"ఓహో! అమ్మ బిందె తోమినట్టే!"

తోమాడు, తోమాడు, ఇంకా తోమాడు. తలుపు గీత బయటపడింది.

"చంపుతావా?" అంది చిలుక.

"చంపడమెందుకు? ఎగిరిపో. మా పొయ్యిలు వెలిగితే చాలు."

చిలుక ఎగిరిపోయింది. అటు ధూమ్రకేశి మంత్రాలన్నీ మర్చిపోయాడు, తక్కెడ పట్టు వదిలింది. కానీ ఒప్పుకున్న మాట ప్రకారం పళ్లెం దిగితేనే పొయ్యి వెలిగేది.

శరభుడు తిరిగొచ్చేసరికి పున్నమి పగలు. రాజులిద్దరూ మళ్లీ ఖాళీ తక్కెడ దగ్గరే, ఎవరి రాగి వాళ్ల ముందు పోసుకుని!

"నాది దిగిందంటే, తక్కువవాళ్లతో ఈ సంబంధం వద్దు," అన్నాడు చండవర్మ.

"నాది దిగితే నాకూ వద్దు!" అన్నాడు మకరకేతు.

కుముద్వతి వచ్చి, ఇద్దరి రాగీ ఎత్తి ఒకే పళ్లెంలో పడేసింది. పళ్లెం దభాలున దిగింది. రెండు రాజ్యాల్లో పొయ్యిలు భగ్గుమన్నాయి.

"ఇంతకీ ఎవరిది ఎక్కువమ్మా?" అన్నాడు చండవర్మ నసుగుతూ.

"విడదీసి చూసుకోండి మామగారూ. మళ్లీ పొయ్యిలు ఆరితే మాత్రం నన్నడక్కండి."

ఇంక ఎవరూ అడగలేదు. పెళ్లయింది. శరభుడూ కుముద్వతీ రెండు రాజ్యాలనూ ఒకటిగా కలకాలం ఏలారు. అదంతా తర్వాతి మాట. ఆ పూట మాత్రం అన్నం ఉడికింది, పప్పు ఉడికింది, చారు పొంగింది. వియ్యంకులు పక్కపక్కనే కూర్చున్నారు. పంక్తి చివర ధూమ్రకేశికీ ఒక విస్తరి వేశారు. అందరూ భోజనానికి కూర్చున్నారు.