ఆరు కుర్చీల పరీక్ష

గంధంపల్లి జమీందారుకు ఓ జబ్బుండేది: ఎదుట ఎవరు కూర్చున్నా ఓర్వలేడు. అడవి బంగళా వసారాలో వేసుకోవడానికి ఆరు టేకు కుర్చీలు చెయ్యమని వడ్రంగి మౌనాచారిని పిలిపించి, పనంతా నిలబెట్టే చేయించాడు. చిత్రిక పట్టడానికి గొంతుక్కూర్చున్నా "లేవరా!" అని కసిరేవాడు. ఆచారి నడుము విల్లులా వంగిపోయింది.

వానకూ చెదలకూ తట్టుకునేలా కుర్చీలకు జీడినూనె కూడా పూసి, ఓ రోజు "దయచేయండి దొరా!" అన్నాడు ఆచారి.

దొర కూర్చోబోయి ఆగాడు. "నూనె ఆరిందా అసలు? పచ్చి జీడి తగిలితే ఒళ్లు పొక్కిపోతుందే! కుర్చీ కాళ్లు నా బరువాపుతాయా?"

"కూర్చుంటేగాని తెలీదు దొరా. తమ ముందు నేను కూర్చోకూడదు కదా! తమరే కూర్చుని చెప్పాలి."

దొర రెండడుగులు వెనక్కి వేశాడు. "నువ్వే కూర్చో! ఇది నా ఆజ్ఞ!"

నూనె ఆరి వారమైందని ఆచారికి తెలుసు. కాలు మీద కాలేసుకుని హాయిగా వెనక్కి వాలాడు. పక్కకెళితే వడ్రంగి పరీక్ష మధ్యలోనే లేచేస్తాడేమోనని దొరకు అనుమానం. నేల మీద చతికిలబడితే పరువు తక్కువ. నిలబడే ఉన్నాడు. పొద్దు నడినెత్తికొచ్చింది.

"ఇంకెంతసేపురా?" అన్నాడు దొర, కాళ్లు మార్చుకుంటూ.

"ఇది గట్టిదే దొరా," అన్నాడు ఆచారి, మూసిన కళ్లు తెరవకుండానే. "ఇంకా ఐదున్నాయి."