డబ్బాలుగా కనిపించిన పాటలు

"కళ్లు మూసుకుంటే మా అమ్మ ముఖం రావడం లేదు గురువమ్మా. మసకగా కూడా రావడం లేదు. ఇంక రోజూ ధ్యానమంటూ ఆ కాసేపూ కూర్చోవడం దేనికి? మానేయనా?" అని మా హైమత్త అడిగింది.

అడిగింది శివకామమ్మ గారిని. గోదావరి ఒడ్డున ఆవిడ నడిపే చిన్న ఆశ్రమంలో అందరికీ ఆవిడ గురువమ్మే. హైమత్త మా నాన్నగారి చెల్లెలు. నానమ్మ పోయిన ఏడాదికి అక్కడ చేరింది. ప్రశ్నకు వెంటనే జవాబివ్వడం గురువమ్మకు అలవాటు లేదు. "పుస్తకం పని ఎంతవరకు వచ్చింది?" అని మాత్రం అన్నారు.

ఆ పుస్తకం నానమ్మ కట్టిన పాటలది. చివరి రోజుల్లో మంచంలో పడుకుని ఆవిడ పాడుతుంటే హైమత్త ఫోనులో టైపు చేసుకుంది. తరవాత ఆ ఫోను నీళ్లలో పడి పాడైంది. అంతకుముందే పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్న ఫైలు ఒక్కటే మిగిలింది. ఆ పాటలు పూర్తిగా వచ్చినవాళ్లు మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆశ్రమం ఆఫీసులో ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరు ఉండేది. దాన్ని చూసుకునే కోదండం గారు పెన్‌డ్రైవులో ఉన్న ఆ ఫైలునే తెరిచారు. తెర నిండా అక్షరాలకు బదులు డబ్బాలు. అన్నీ ఒకే తీరున, ఖాళీగా, వరసలు తీరి ఉన్నాయి.

"ఏమ్మా హైమా, మీ అమ్మగారు పాటలు కట్టారా, కిటికీలు పెట్టించారా?" అన్నారాయన. హైమత్త ముఖం చూసి తగ్గారు. "బెంగపడకు తల్లీ. ఫైలు చెడిపోయినట్టుంది. ఈ చెత్త తీసేస్తాను, నీకు గుర్తున్నంత మళ్లీ కొడదాం." అంటూనే మొదటి పాట డబ్బాలన్నీ చెరిపి, సేవ్ చేసేశారు. రెండో పాట మీద చెయ్యి వేయబోతుండగా గురువమ్మ గుమ్మంలోకి వచ్చారు.

"ఆగు నాయనా. ఒక్క డబ్బాని పట్టుకుని, ఇలాంటివి ఇంకా ఎక్కడున్నాయో వెతకమను."

"అన్నీ ఇలాంటివేగా గురువమ్మా."

"అను, చూద్దాం."

ఆయన ఒక డబ్బాను కాపీ చేసి వెతికించారు. అక్కడొకటీ ఇక్కడొకటీ రంగు మారాయి. తక్కినవి అలాగే ఉండిపోయాయి. మరో డబ్బాతో వెతికిస్తే మరికొన్ని. హైమత్త కుర్చీ ముందుకు లాక్కుంది. "మన కంటికి ఏ తేడా లేదే, దీనికెలా తెలుస్తోంది?"

గురువమ్మ ఆశ్రమం పుస్తకాలన్నీ దగ్గరుండి అచ్చుకు కూర్పించినవారు. "ఫైలులో ఉండేది బొమ్మ కాదమ్మా, ప్రతి అక్షరానికీ ఒక అంకె. ఆ అంకెకి ఆకారం ఇచ్చేది ఫాంటు. చుక్కలు ఎక్కడ పెట్టాలో, వాటి మధ్య గీత ఎలా వంపు తిరగాలో, ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో అందులో ఉంటుంది. దాన్ని చూసి యంత్రం అప్పటికప్పుడు గీస్తుంది, మనం ముగ్గు వేసినట్టు. దీనికి తెలుగు ముగ్గులు ఎవరూ నేర్పలేదు, అంతే."

కోదండం గారే వెళ్లి, పుస్తకాలు కూర్చే గదిలో ఉన్న కంప్యూటరు నుంచి తెలుగు ఫాంటు తెచ్చి ఇందులో వేశారు. ఫైలు మూసి మళ్లీ తెరిచారు. డబ్బా ఉన్న ప్రతిచోటా అక్షరం నిలబడింది. హైమత్త రెండో పాట చదవబోయి, చదవలేక, పాడేసింది. అమ్మవారి దయ, అక్కడి నుంచి చివరిదాకా ఉన్న పాటలు ఈనాటికీ శుక్రవారం దీపం పెట్టాక మా ఇంట్లో పాడుకుంటున్నాం.

ఆ రోజు అన్నీ పాడడం అయ్యాక ఆమె మొదటి పాట కోసం పేజీ పైకి జరిపింది. అక్కడ తెల్లగా ఉంది. ఆ పాటలో పల్లవి తప్ప ఆమెకు రాదు.

"ఫాంటు వేశాం కదా గురువమ్మా, ఇదొక్కటీ ఎందుకు రాలేదు?" అన్నారు కోదండం గారు, అడుగుతూనే గొంతు తగ్గిస్తూ.

గురువమ్మ ఆయన వైపు కాక, కూర్చోవడం మానేయనా అని అడిగిన హైమత్త వైపు చూశారు.

"రూపం తెలియకపోయినా యంత్రం చోటు ఉంచింది నాయనా. తుడిచింది మనమే."