సుడిగాలి గుండె చప్పుడు

గుర్రాల గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే: ఒకసారి ఎక్కాను. అది నన్ను దించిన తీరు చూసినవాళ్ళు, "నువ్వు దూరంగా కూర్చుని రాసుకో బాబూ, అదే క్షేమం" అన్నారు. అందుకని రాస్తున్నాను.

మన్యంలో లక్కన్న సాలలో రెండు గుర్రాలు. ఒకటి సుడిగాలి, ఆరేళ్ళ మగది. రెండోది గవ్వ, పెద్ద వయసు ఆడగుర్రం. చలికాలమంతా రెండూ ఉలవలు తిన్నాయి, నిలబడ్డాయి, మళ్ళీ తిన్నాయి. మంచు విడిచేసరికి సుడిగాలి పొట్టకి జీనుపట్టీ అందడం మానేసింది.

ఉగాదికి అరవై కిలోమీటర్ల కొండదారి పందెం. నడుమ ఒక మజిలీ. అక్కడికి చేరిన గుర్రం గుండె పావుగంటలో నెమ్మదిస్తేనే ముందుకి పోనిస్తారు. లేకపోతే ఇంటికే.

"నెల తర్వాత ఆ మజిలీ దాకా పరీక్ష పెడతాను. తప్పినదాన్ని బీచ్‌లో సవారీలు, ఫోటోలు నడిపే వ్యాపారికి ఇచ్చేస్తాను. రెండింటినీ మేపలేను" అన్నాడు లక్కన్న.

ఆ మాట విన్న దగ్గర్నుంచి సుడిగాలికి ఒకచోట నిలకడ లేదు. గోడని తన్నింది. తొట్టిని తన్నింది. పక్కనే ఉన్న కోళ్ళగూడు వైపు వచ్చిన నక్కని కూడా తన్నబోయింది.

"ఆగు అల్లుడూ! నీ మేలు కోరి వచ్చాను" అంది నక్క, కాలు అందని దూరంలో కూర్చుని. "ఏమిటా కంగారు?"

"గవ్వ పెద్దమ్మ నన్ను మూడు వారాలు నడవమంటోంది మామా. ఉత్త నడక! ఈలోపు నెల అయిపోతుంది. నేను పోయి ఒంటె పక్కన ఫోటోలకి నిలబడాలా?"

"నడక ముసలివాళ్ళకి. నువ్వు తెల్లారగట్ల తాడు తప్పించుకుని దౌడు తియ్యి. గవ్వ నిన్నెందుకు నడిపిస్తోందో నీకింకా తెలీలేదా? నువ్వు పోతే ఉలవలన్నీ తనవే!"

నువ్వు పోతే కోళ్ళన్నీ నావే అన్నది నక్క పైకి అనలేదు.

మర్నాటి నుంచి సుడిగాలి రోజూ దౌడే. వారం తిరిగేసరికి గవ్వ అడిగింది.

"కాళ్ళు వాచాయేంరా?"

"దోమ కుట్టింది పెద్దమ్మా."

"నాలుగు కాళ్ళకీనా? క్రమం తెలిసిన దోమే."

పరీక్ష రోజున లక్కన్న గడియారంతో మజిలీ దగ్గర నిలబడ్డాడు. అతని బావమరుదులిద్దరూ గుర్రాలెక్కారు. సుడిగాలి గవ్వకన్నా అరగంట ముందే వచ్చేసింది! లక్కన్న దాని డొక్కకి చెవి ఆనించాడు. లోపల డప్పు. సుడిగాలి నిలబడితేనా? దారి చూస్తుంది, గిట్టలు కొడుతుంది, మళ్ళీ దారి చూస్తుంది. పావుగంట దాటింది. డప్పు ఆగలేదు.

గవ్వ తీరిగ్గా వచ్చింది. తల దించి, రెండు గడ్డిపరకలు నమిలి, ఒక కన్ను మూసింది. లక్కన్న చెవి పెట్టి నవ్వాడు. "ఇది నిద్రపోయేలా ఉంది."

వ్యాపారికి కబురెళ్ళింది. ఉగాది కాగానే వస్తానన్నాడు.

ఆ సాయంత్రం సుడిగాలి ఉలవలు ముట్టలేదు. "పెద్దమ్మా, నీ మాట వినలేదు. ఇప్పుడేం చెయ్యను?"

"ఏముంది? వాపు తగ్గనీ. తర్వాత నాతో నడు."

"నడిచి ఏం లాభం? ఎలాగూ పోతున్నాగా!"

"పోయేవాడివైనా కాళ్ళ మీదే పోవాలి కదరా."

వాపు తగ్గాక సుడిగాలి గవ్వ వెనక నడిచింది. మొదట్లో విసుగుతో నడిచింది, తర్వాత అలవాటై నడిచింది. ఆ తర్వాత చిన్న పరుగు, చిన్న చిన్న ఎత్తులు. గోడని తన్నడం ఎప్పుడు మానేసిందో దానికే గుర్తులేదు. లక్కన్న కూడా తాడు కట్టడం మానేశాడు.

ఉగాది ఇక వారం ఉందనగా, లక్కన్న గవ్వనెక్కి మజిలీ వైపు వెళ్ళిన పొద్దున నక్క దర్జాగా వచ్చి పుంజుని నోట కరిచింది.

"మామా, పరిగెడదామా?" అంది సుడిగాలి.

నక్క దౌడు తీసింది. సుడిగాలి తియ్యలేదు. టకటకా ఒకటే అడుగు. నక్క పొద దాటి ఆయాసం తీర్చుకుందామని కూర్చునేసరికి వెనక టకటక. వాగు దాటి కూర్చుంది. టకటక. ఎక్కడో పుంజుని వదిలేసింది. పుంజు తిట్టుకుంటూ ఇంటికి నడిచింది. మజిలీ దగ్గరికి వచ్చేసరికి నక్క నాలుక బయటపెట్టి చతికిలబడింది.

సుడిగాలి దాని మీద చెవి ఆనించింది. "పావుగంట చూస్తాను మామా. నెమ్మదించకపోతే ముందుకి పోనివ్వను."

"చంపకు అల్లుడూ... ఇక మీ సాల వైపు రాను..."

అక్కడే గవ్వ మీంచి దిగి నిలబడ్డ లక్కన్న ఇదంతా చూశాడు. జీను లేదు, రౌతు లేడు, ముందు నక్క! గబగబా వచ్చి సుడిగాలి డొక్కకి చెవి పెట్టాడు. డప్పు లేదు, లోపల అంతా నింపాది. తర్వాత ఫోన్ తీసి వ్యాపారికి చెప్పాడు: "రావద్దు. ఈ ఉగాదికి గవ్వ, వచ్చే ఉగాదికి ఇది."

నీతి: ఎంత ముందు వచ్చావన్నది కాదు, వచ్చాక ఎంత త్వరగా కుదుటపడ్డావన్నదే నీ సత్తా.